గీతకు ఇవతల

యలహంక పాత ఊర్లో మాది కింది వాటా.
టైల్సు పగలగొట్టనివ్వలేదు ఇంటావిడ.
గుంట లేకుండానే
నాలుగు సిమెంటు ఇటుకల మీద నిలబెట్టినాం మగ్గాన్ని.
ధర్మవరంలో మోకాళ్ళదాకా నేలలోకి దిగి నేసిన కుళ్ళాయప్ప
ఇక్కడ ఎత్తుబల్ల మీద కూర్చుని
మొదటి వారమంతా పాదాలతో దేనికోసమో తడుముకున్నాడు.

నాది అచ్చులతికే పని.
అయిపోయిన పడుగు కొసకు కొత్త పడుగు కొస
బూడిద అద్దిన వేళ్ళతో మెలివేసి,
పోగుకు పోగు, నాలుగువేల పైచిలుకు.
లెక్క తప్పను.
మాటే అప్పుడప్పుడు తప్పుతుంటాను,
కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో తేలుతుంటాను.

నిన్న చీర తీసుకుని చిక్‌పేట పోయినాం.
అంగట్లో నంజుండ, అక్కా అక్కా అనే పిల్లోడు,
చీర విప్పి, అంచు వెనక్కి తిప్పి, కుట్టు తడిమి
"పనంతా అదే అక్కా, పేరే అది కాదు" అన్నాడు.
ఫోన్‌లో మ్యాపు చూపించినాడు.
ధర్మవరం చుట్టూ ఒక గీత.
గీతకు అవతల నేస్తేనే ఆ పేరంట.
ఇవతల నేసి ఆ పేరు పెడితే కేసంట.

గీత తప్పని నేనెట్లా అంటాను?
అది లేని రోజుల్లోనే కదా
ఎక్కడో మిషను మీద గంటకొకటిగా దిగిన చీరలు
మా ఊరి పేరు కట్టుకుని
మా ఊరి అంగళ్ళకే వచ్చినాయి.
మా మామ ఒకదాన్ని తడిమి చూసి
ఏమీ అనకుండా చేయి పంచెకు తుడుచుకున్నాడు.
ఆఫీసర్లు వచ్చి కాగితాలు రాసుకున్నప్పుడు
అందరికన్నా ముందు వేలిముద్ర ఆయనదే.
ఆ చేతులను ఫోటో తీసుకుపోయినారు ఫైల్లో పెట్టడానికి.
మగ్గం అమ్మొద్దని ఒట్టు వేయించుకుని పోయినాడు.
అప్పులోళ్ళు ఒట్లకు ఆగుతారా?
మగ్గం అమ్మలేదు.
ఊరు వదిలినాం.

నిజం చెప్పాలంటే తేడా ఉంది.
ఇక్కడ నీళ్ళు ట్యాంకరువి.
అదే రంగు, అదే కొలత, అదే పొయ్యి మీది కాగు,
అయినా ఎరుపు ఒక్క పిసరు నల్లబడుతుంది.
నంజుండకు కనబడదు.
నాకు కనబడుతుంది, చెప్పను.

పెళ్ళికి ముందు మా ఇంటిపేరు పామిడి.
పామిడిలో మాకు ఇల్లు లేదు, చుట్టం లేదు.
ఏ కరువులో ఎవరు నడిచి వచ్చినారో
మా నాయనకూ తెలీదు, వాళ్ళ తాతకూ తెలీదు.
అయినా పెళ్ళిదాకా ఆ పేరుతోనే బతికినాను,
ఎవరూ మ్యాపు తీయలేదు.

బిల్లు మీద 'రకం' అన్న గడి దగ్గర
నంజుండ పెన్ను కాసేపు ఆగింది.
'పట్టు, ఇతరములు' అని రాసినాడు.
వెయ్యి తగ్గించినాడు.
కాఫీ తెప్పించినాడు.

వాణ్ణి ఒకటి అడగాల్సింది,
బస్సులో గుర్తొచ్చింది.
లారీకి ఎత్తిన రోజు మగ్గం మీద సగం చీర ఉండింది.
కోసెయ్యమన్నారు అందరూ.
కుళ్ళాయప్ప వినలేదు.
దోనెతో సహా చుట్టి, గోనెపట్టాలు కప్పి,
రాత్రంతా దాని పక్కనే కూర్చుని వచ్చినాడు.
బాగేపల్లి దాటేటప్పుడు వాన.
పట్టాల మీద తన దుప్పటి కూడా పరిచి
తాను తడిసినాడు.

ఒళ్ళు అక్కడ నేసింది, కొంగు ఇక్కడ నేసింది.
గోరు పెట్టి వెతికినా అతుకు దొరకదు,
అతికే పని నాది, నాకే దొరకలేదు.
ఏ పెళ్ళికూతురో కట్టుకునే ఉంటుంది.
కుచ్చిళ్ళు గీతకు అవతల.
భుజం మీద కొంగు ఇవతల.
మధ్యలో ఎక్కడో, వీపు మీదనో పక్కనో,
బాగేపల్లి వాన.