శేషం

పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి. ఊచలకి ఉప్పు పట్టిన కిటికీ.
ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోటికందించాను.
ఊదు ఎల్లాజీ, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా...

బండలకి చిక్కిన వలలు విడిపించడానికి
ముప్పయ్యేళ్లు మునిగిన మనిషి.
"నూట ఇరవై లెక్కెట్టేదాకా అడుగునే ఉండీవోణ్ణమ్మా."
ఇప్పుడు నాలుగంకెలకే గొట్టం వదిలేశాడు.

గోడమీది పటం ఏటని అడిగాడు.
ఇది గాలిగొట్టం. మెడమీద తడిమి చూడు, మెత్తని ఉంగరాలు.
రెండుగా చీలి, మళ్లీ చీలి, ఇరవైసార్లకి పైనే చీలి
చివర్న చేపజన గుత్తుల్లా గాలితిత్తులు.
కుడివైపు మూడు తమ్మెలు, ఎడమవైపు రెండే.

"అటేపొకటి తగ్గిందేటి?"
గుండె కూర్చోవాలి కదా.
"మా తెప్పలో ఇంతే, ఒకుడు జరిగితేనే ఒకుడికి సోటు."
నవ్వబోయి దగ్గాడు. చాలాసేపు.

హార్బరు పక్కన ఇల్లు. ఆరేసిన చీరలమీద బొగ్గుపొడి.
లోపల సన్నని నూగు ఊడుస్తూనే ఉంటుంది,
బొగ్గు ఓడలూ వస్తూనే ఉంటాయి.

అడుగున గొడుగులాంటి కండ. అది దిగితే
లోపల చోటవుతుంది, గాలి తనంతట తనే వచ్చి నిండుతుంది.
పొంగితే పోతుంది.
"ఆటూ పోటూ," అన్నాడు.
మా పుస్తకంలోనూ ఆ పేరే. నేనింకా చెప్పలేదు.

"మొత్తం ఊదీసినానమ్మా. ఇంకేటీ నేదు."
ఉంది ఎల్లాజీ. ఎంత ఊదినా
లీటరు పైగా మిగిలే ఉంటుంది,
నా యంత్రానికి అందనిది.
అదీ పోతే తిత్తులు తడిబట్టల్లా అతుక్కుపోవూ?

అతను కిటికీ వైపు చూశాడు.
"అయితే దాంతోటే పైకొచ్చీవోణ్ణేమో."

కాగితంమీద గీత వంగి ఆగింది.
క్లిప్పు పెట్టుకో.
మూడుసార్లు ఊదాలి, ఇది ఒకటే అయింది.