అంగుళానికి పదకొండు

అద్దంకి రోడ్డు మీద, మిర్యాలగూడ దాటకముందే,
మిల్లుల ఊక బూడిద రాత్రంతా కురుస్తది.
పొద్దున షట్టర్ లేపంగనే
ముందుగాల బల్ల తుడుసుడు, ఎన్కసీరి సూది తుడుసుడు.
ఆ పొద్దు ఆ బూడిదలకెల్లే
ఎర్రటి కారొకటి వచ్చి ఆగింది.
రెండే తలుపులు. నడుము సన్నం.
ఎనక దీపాలు అప్పుడే ఏడ్చి లేచిన కండ్ల తీరు.
పాల క్యాన్లాయన సైకిల్ ఆపి
కాలు కింద పెట్టుడు మర్చి పడబోయిండు.

బాయిల్డ్ మిల్లోళ్ళ చిన్న సేటు నిఖిలేష్.
సెకండ్ హ్యాండే గాని ఎవ్వరికి చెప్పొద్దన్నడు.
"సీట్లకు తెల్లదారం ఉంది ఇద్దన్నా,
ఎర్రది కావాలె. బయటి రంగు లోపలికి రావాలె."

సీటు విప్పి బల్ల మీద బోర్లేసిన.
మా నాయిన జాకెట్లు కుట్టెటోడు, నేను లారీ సీట్లు.
ఇంత మెత్తటి తోలు మా ఇంట్ల ఎవ్వరం ముట్టలే.
దూడ చెవి ఎనక ఉంటది సూడు, గా మెత్తన.
కుట్లు లెక్కబెట్టిన: అంగుళానికి పదకొండు.
యాడ పది లేదు, యాడ పన్నెండు లేదు.
ఒక్క మూలకు, ఎవ్వరు సూడని అడుగున,
ఒక ముడి వంకర పోయింది.
చాయ్ తాగ పిలిచిన్రేమో, బిడ్డ ఫోన్ చేసిందేమో.
ఏ దేశమో, ఆడమనిషో మొగోడో.
ఆ ముడి విప్ప బుద్ధి కాలే.
దాని పక్కన నాదొక ముడి ఏసిన.

లతీఫ్ పక్క షెడ్డుల నుంచి వచ్చి బానెట్ లేపిండు,
నాడి చూసే హకీం లెక్క చెవి ఒగ్గి
మూతి విరిచిండు.
"షేర్వానీ మంచిగుంది. లోపల దమ్ము లేదు."
"నీ ఇంజన్ను ఎవడు ముడతడు లతీఫూ,
మనిషి వీపు తాకేది నా పనిని" అన్న.
"వీపు కూసుంటది. బండి ఉరకాలె" అన్నడు.
చాయ్‌లు అయిపోయినయ్, పంచాయితి అయిపోలే.

మూడో దినం తెల్లారుజామున వాడపల్లి దిక్కు బయల్దేరినం,
ఎర్ర కార్ల సేటూ నేనూ, ఎనక లతీఫ్ జీపు.
గుండీలు తిప్పితె కొత్త తాళం లెక్క టిక్కుమన్నయ్.
నీలి వెలుగు, తోలు వాసన.
ఇరవై ఏండ్లకు నా పని మీద నేను కూసున్న,
నవ్వొచ్చింది.
దామరచర్ల దాటినంక సేటు తొక్కిండు.
అరుపు ముందు పోయింది, బండి ఎనక వచ్చింది.
మలుపు కాడ స్టీరింగ్ తిప్పితె
అప్పు అడిగితె ఆలోచించే చుట్టం తీరు
కొంచెం ఆగి తిరిగింది.
స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట గీరుకుంది.
వడ్ల బస్తాల డీసీఎం ఒకటి
హారన్ గూడ కొట్టకుంట మమ్మల్ని దాటి పోయింది.
సేటు అద్దంల చూసుకొని జుట్టు సవరించుకున్నడు.
నేను కిటికీ బయటికి చూసిన.

వాపస్ లతీఫ్ జీపుల వచ్చిన.
డోరుకు తాడు. మీటరు ముల్లు నలభై కాడ ఎప్పుడో చచ్చింది.
సీటు చిరిగి కొబ్బరిపీచు తేలింది, స్ప్రింగు తొడకు గుచ్చుతది.
అదే మలుపు.
బిందె ఒంపితె నీళ్ళు తిరిగినట్టు తిరిగింది,
స్టీరింగ్ మీద వాని రెండు వేళ్ళే.
వాడేం అనలే.
గెలిచినోడు మాట్లాడకుంటె ఓడినోనికి ఇంకింత మంట.

"రేపు సీటు విప్పి తే, పైసలొద్దు" అన్న.
"వద్దు ఇద్దన్నా. రోడ్డు ఎటు ఒరుగుతున్నదో
గా స్ప్రింగు గుచ్చుడే నాకు చెప్తది.
నువ్వు మెత్తగ కుడితె నేను గుడ్డోన్నైత."

గింత మాట అననీకి వానికి అరగంట పట్టింది,
మరువనీకి నాకు ఎన్నొద్దులు పడ్తదో.

పొద్దుగూకి మిల్లు గేటు ముంగట
హమాలీలు ఎర్ర కారు కాడ ఫోటోలు దిగుతున్నరు.
బానెట్ మీద అప్పుడే సన్నగ బూడిద.
నేను గూడ ఒకటి దిగిన,
తలుపు బార్లా తీసి,
సీటు కనవడేటట్టు.