గీత దాటిన లెక్క

గేటు రిజిస్టరులో ఎడమవైపు బళ్ళు.
కుడి అంచున, గీత దాటి, పెన్సిల్‌తో
నాకు మాత్రమే కావలసినవి.

జూన్ పదకొండు. సోంపేటలో ఇంకా చినుకు లేదు.
బీల నెర్రెలిచ్చి ఉంది.
గేదెల డెక్కల గుంటల్లో బురద
ఎలా తొక్కితే అలాగే రాయయింది.
సాయంత్రం మెయిలు పోయాక
ఒకే ఒక్క నత్తగొట్టు కొంగ దిగింది.
మూసినా మూతపడని ముక్కు,
ఆ సందులోంచి అవతలి గట్టు కనిపిస్తోంది.
అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా
నాలుగడుగులు నడిచి, నేల పొడిచి చూసి,
ఏ మాటా చెప్పకుండా లేచిపోయింది.

పదహారు. రాత్రంతా వాన.
తెల్లారేసరికి రెండొందల పద్నాలుగు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు అంచు మీద వేలు పెట్టాడు.
"ఈ రెండొందల పద్నాలుగు ఏ బండి?"
"ఏటా వచ్చేదేనండి."
"రైట్ టైమేనా?"
"ఐదు రోజులు లేటండి."
సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

శ్రావణంలో బీలకి ఒడ్డుండదు.
పట్టాల కింది కంకర దాకా వచ్చి
నీళ్ళు అక్కడ ఆగి ఆలోచిస్తాయి.
ఉద్దానం వైపు నుంచి మొగలి వాసన
నా క్యారియరు మూత మీద కూర్చుంటుంది.
దుర్యోధన నడుంలోతు దిగి మావులు పెడతాడు,
తలపాగాలో బీడీలు, పళ్ళ మధ్య తాడు.
తాడు తీసి అరుస్తాడు:
"నీటికోడి పిల్లల్ని చూసినావేటి? గుప్పెడంత నేవు,
అప్పుడే ములుగుతన్నాయి!
మా బుడ్డోడికి పదేళ్ళు. నీళ్ళంటే ఒకటే ఏడుపు."

యాభై ఎనిమిది పెట్టెల బొగ్గుబండి
నా గ్లాసులో టీని వణికించి పోతుంది.
బొల్లికోళ్ళు తలెత్తవు.
అదే, పైనుంచి గద్ద నీడ,
అరచేయంత, చప్పుడే లేనిది,
నీటి మీద జారిందంటే
బీల బీలంతా లేచి నిలబడుతుంది.
నేనిన్నేళ్ళూ చప్పుళ్ళకే భయపడుతూ వచ్చాను.

ఆశ్వయుజం. తుపాను.
రెండు రోజులు అంచు ఖాళీ.
ఎడమవైపూ ఖాళీయే.
మూడోనాడు జీడితోట ఉండాల్సిన చోట ఆకాశం,
ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఆకాశం.
ఎగరడం అప్పుడే వచ్చిన కొంగపిల్లలు
సిగ్నల్ స్తంభం మీద, వాలిపోయిన కరెంటు తీగ మీద.
గేటు కొయ్య చివర లకుముకి పిట్ట.
మొదటి బండి పోయింది. ఇక కొయ్య ఎత్తాలి.
అవతల ట్రాక్టరు నిండా చెట్ల మొండేలు,
హారన్ మీద చెయ్యి వేసిన మనిషి
నా చూపు ఎటుందో చూశాడు.
చెయ్యి తీసేశాడు.
ఆ ఆలస్యం నేను ఏ పక్కనా రాయలేదు.

మాఘంలో పరజల్ని లెక్కపెట్టలేం.
మంచులో వినాలంతే.
చాలా, అని రాశాను ఒకరోజు.
ఇంకొకరోజు, నిన్నటికన్నా చాలా.

పట్టాల కింద నుంచి రోడ్డు తవ్వుతున్నారు.
వైశాఖానికి ఈ గేటు ఉండదట.
పుస్తకాలన్నీ ఆఫీసుకి అప్పజెప్పమన్నారు.

రాత్రి డ్యూటీ కూర్మారావుది.
ఏడేళ్ళలో నాతో పిట్ట మాట ఎత్తలేదు.
వస్తాడు, టార్చి వెలిగించి చూస్తాడు,
జెండాలు రెండూ దులుపుతాడు,
కుర్చీ తిప్పుకుంటాడు.
అతని బ్యాటరీల ఖాతా నేనెన్నడూ తెరవలేదు.
కట్ట కట్టడానికి తీస్తే
చివరి పేజీల్లో, ఇంకుతో, గుండ్రటి అక్షరాలు:

మూడూ నలభై. తీతువు. ఒక్కటే.
మూడూ ముప్పావు. మళ్ళీ.
మూడున్నర. ముందే వచ్చింది.
రాలేదు.
రాలేదు.
నాలుగైంది. రాలేదు.

తారీఖులు లేవు.

అతను వదిలి వెళ్ళిన కుర్చీలో
తిప్పకుండా, ఉన్నట్టే కూర్చున్నాను.
అక్కణ్ణుంచి పట్టాలు కనిపించవు.