వేలు జారితే

కంప్యూటర్ సారు బదిలీ అయ్యాక
ఆ పీరియడ్ తెలుగు చెప్పే నా నెత్తిన పడింది.
బోరబండ బడిలో పదకొండు కంప్యూటర్లు,
వెలిగేవి నాలుగు. ఆవాళ వానకు కరెంటు పోయి అవీ లేవు.
సుద్దముక్క తీసుకున్నాను.

పాస్‌వర్డ్ అంటే ఏమిటన్నాను.
"బీరువా తాళంచెవి మేడం" అంది షగుఫ్తా.
మరి నీది ఎవరెవరికి తెలుసు?
"మా అక్కకు, అక్క దోస్తుకు, రీఛార్జి షాపు అన్నకు."
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
నాది మా కుక్క పేరని చెప్పలేదు.

పుస్తకంలో సూచనలు వరసగా ఉన్నాయి:
ఇంటి చిరునామా ఇవ్వకు,
ముఖం తెలియనివాళ్లతో మాట కలపకు,
అడగకుండా ఒకరి ఫొటో పెట్టకు.
మందుల చీటీ చదివినట్టు చదివాను.
పిల్లలు కిటికీలోంచి వాన చూస్తున్నారు.

సామెత ఒకటి గుర్తొచ్చి బోర్డు మీద రాశాను.
కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేం.
దాని కింద, వేలు జారితే?

వెనక బెంచీలో ఎల్లేశం లేచాడు.
ఎప్పుడూ లేవడు.
"మా తాత ఫొటో అట్లనే తిరిగింది మేడం,
పిల్లల్నెత్తుకపోయేటోడని.
మోతీనగర్‌ల బండి ఆపి కొట్టిన్రు.
పాత పేపర్లు కొంటడు, గంతే.
కుడి భుజం ఇంకా లేస్తలేదు."

ఆ ఫొటో నాకు తెలుసు.
నీలం బండి, మాసిన తువ్వాల,
ముఖం చుట్టూ ఎర్ర గీత.
రాత్రి పదకొండింటికి, సగం నిద్రలో,
ఎందుకైనా మంచిదని
మూడు గ్రూపులకు పంపాను.
ఆ ముఖానికి ఒక మనవడుంటాడని,
నా దగ్గరే సంధులు నేర్చుకుంటున్నాడని
ఆ ఎర్ర గీత చెప్పలేదు.

చెప్పేశాను.
చేతిలో సుద్ద విరిగిందని రాస్తే బాగుంటుంది గానీ
ఏదీ విరగలేదు.
ఎల్లేశం కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.
"తీసేసిన్రా మేడం?" అంది షగుఫ్తా.
నా ఫోన్లోంచి తీసేశాను.
"నేనడిగింది అది కాదు."

ఆ రాత్రి మూడు గ్రూపుల్లోనూ రాశాను:
అది అబద్ధం. పంపింది నేను. ఆయన పేరు సాయన్న.
ఒకరు దండం బొమ్మ పెట్టారు.
ఒకరు గులాబీలతో శుభరాత్రి.

ఆదివారం మా గల్లీలో బండి చక్రం కిర్రుమంది.
కేక లేదు.
ఇదివరకు మూడో అంతస్తుకు వినపడేది.
గొంతు తెలుసు నాకు. పేపర్లు వాచ్‌మన్ వేసేవాడు,
ముఖం ఎన్నడూ చూడలేదు.

నెల పేపర్లు మోసుకుని దిగాను,
అనాల్సిన మాట వాటికంటే బరువుగా.
ఆయన ఎడమచేత్తో తక్కెడ ఎత్తాడు.
ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటోంది.
"నాలుగు కిలోలుంటుందిలే" అన్నాను.
"ఆగమ్మా" అన్నాడు,
"ముల్లు నిలవనియ్యి."