నలభై అడుగులు

ఇక్కడ రాత్రి భోజనమయ్యాక
ఎవరూ ఒంటరిగా గదికి వెళ్లకూడదు.
రిసిమాతి టార్చితో ముందు,
నేను వెనక, కడుపునిండా ఇంపాలా మాంసంతో.
కాళ్లకింద చెక్కబాట కిర్రుమంటోంది.

ఎడమవైపు పొద మీద వెలుగు ఒక్క క్షణం ఆగింది.
"ఏమిటది?"
"ఏం లేదు. నడవండి."
ఆ ఏంలేనిది కాస్త కదిలినట్టుంది.

గొళ్లెం పెట్టుకుని పక్కలో దూరితే
దుప్పటి కింద వెచ్చగా ఏదో తగిలి అరవబోయాను.
వేడినీళ్ల సంచి!
సాయంత్రమే ఎవరో నాకోసం పడుకోబెట్టి పోయారు.

అప్పుడు తట్టింది,
అవే నలభై అడుగులు
అతను వెనక్కి నడవాలి గదా,
ముందు ఎవరూ లేకుండా.

తెర తొలగించి చూశాను.
టార్చి ఆర్పేశాడు,
బ్యాటరీ మిగులుతుందనో
చీకటికి తనెవరో తెలుసనో.

ముప్ఫై దాకా బూట్ల చప్పుడు లెక్కపెట్టాను.
ఆ తర్వాత
కప్పలు.