నలభై ఎనిమిది గళ్ళు

ఏటుకూరు రోడ్డులో, మిర్చి గోదాము పక్కన
రేకుల షెడ్డు ముందు చెప్పులు విడిచాను.
విడవగానే తుమ్మాను.
"కొత్తోళ్ళెవరైనా తుమ్మే కదమ్మా లోపలికొచ్చేది"
అంది నాగూర్‌బీ, తల ఎత్తకుండా.

నా మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు.
నిన్న తెల్లారుజాము నాలుగు నుంచి ఇవ్వాళ నాలుగు దాకా
ఏ అరగంటలో ఏం చేశావో చెప్పాలి పెద్దమ్మా,
మొత్తం నలభై ఎనిమిది గళ్ళు.
నిండితే ఇంటికింతని నాకిస్తారు.
ఆ ఇంత ఎంతో ఇంకా తేలలేదు.

"దేనికంట?"
దేశం ఎంత బాగుందో చూడ్డానికి, అన్నాను.
రూపాయల్లో పడనివి కూడా ఈసారి లెక్కలోకి తెస్తారట,
శిక్షణలో సారు చెప్పిన మాటే అప్పజెప్పాను.
"నిన్న నాలుగింటికి దేశం సంగతి నాకేం తెలుసమ్మా,
కుళాయి కాడున్నా."

నీళ్ళు. రెండు గళ్ళు.
కుళాయి రాని రోజు ఇరవై పెట్టి క్యాను కొంటుంది,
ఆ ఇరవై పోయి ఎక్కడో ఒక పెద్ద మొత్తంలో కలుస్తుంది.
బిందె మోసిన రోజు ఎందులోనూ కలవదు.
మోసి మోసి నడుం పట్టేసి
బిళ్ళ కొంటే మళ్ళీ కలుస్తుంది.
ఇది నేనన్నది కాదు, లెక్క అట్లా ఉంది.

ఎనిమిది నుంచి తొడిమలు.
గోరు కాయ మెడ మీద పడటం కంటికి అందదు,
టిక్కు టిక్కుమని చప్పుడొకటే,
గోడ మీది గడియారం కంటే ఒక పిసరు ముందు.
సాయంత్రం కాటా మీద కాయ తూగుతుంది.
తొడిమలూ తూగుతాయి,
కాయేదీ కొంగు చాటున పోలేదని తేల్చడానికి.
ఆమె దగ్గు మాత్రం
తూకం వేసేవాడు నోటికి గుడ్డ కట్టుకుని వింటాడు.

మధ్యలో మనవడు పడ్డాడు, బస్తా మీంచి.
చేతులు రెండూ దూరంగా, రెక్కల్లా ఎత్తిపెట్టి
మోకాళ్ళతో వాణ్ణి దగ్గరికి లాక్కుంది.
కళ్ళు తుడిచింది భుజంతో,
అరచేయి తగిలితే అరగంట ఏడుస్తాడు కనక.
తలమీద గడ్డం ఆనించింది.
ఇది నిన్నటిది కాదు, ఇవ్వాళ్టిది,
రాయకూడదు. రాయలేదు.

ముప్ఫై గళ్ళు నిండాయి.
ఏడు నుంచి ఏడున్నర?
"ఏం లేదు. కరెంటు పోయింది. కూర్చున్నాం."
ఎవరెవరు?
"నేనూ, పక్కింటి మేరీరత్నమూ."
కూర్చుని?
"చేతులు మండుతుంటే బేసిన్లో మజ్జిగ పోసింది.
ఇద్దరం చేతులు ముంచాం. చీకట్లో
ఏ వేలు ఎవరిదో తెలీలా.
ఆమె నా వేలు పట్టుకుని తనదనుకుని రుద్దుతోంది,
నే చెప్పలా.
మంట తగ్గాక చెప్పా.
ఇంక నవ్వే నవ్వు.
కరెంటొచ్చినా తీయలేదమ్మా చేతులు."

గడి ఖాళీగా ఉంటే ట్యాబు ముందుకు కదలదు.
కిందికి లాగాను. వంట. శుభ్రత. వైద్యం.
ప్రార్థన. ప్రయాణం. విశ్రాంతి.
వైద్యమంటే డాక్టరు పేరడుగుతుంది,
విశ్రాంతంటే ఆమె ఒప్పుకోలేదు,
"పడుకోలేదుగా!"
చాలాసేపు చూసి
ఇతరములు నొక్కాను.
నలభై ఎనిమిది నిండాక పచ్చటి టిక్కు వచ్చింది.

"అయితే మరి బాగున్నామంటనా?"
నవ్వుతూనే అడిగింది. నేను కార్డు సర్దుకున్నాను.
"నువ్వు తిన్నావా? పొద్దుట్నించీ తిరుగుతున్నావ్."
ఆ ప్రశ్న నా ఫారంలో లేదు, ఆమెనీ అడగలేదు నేను.

ఆటో ఎక్కాక మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.
"ఏడుస్తున్నారేంటండీ?" అద్దంలోంచి కుర్రాడు.
మిరపకాయ, అన్నాను.
అరండల్‌పేట దాకా
ఊరిని ఒంటికన్నుతోనే చూశాను.