పదిహేను, ముప్పై, నలభై

జూలై ముసురు. వశిష్ఠ పోటు మీదుందని
పంటు ఆపేశారన్న కబురు రేవు నుంచి వచ్చిన సాయంత్రం
కేబులు కుర్రాడు ఏ మీట నొక్కాడో
మా టీవీలో పచ్చగడ్డి. తెల్ల బట్టలు. మధ్యలో వల.

"అత్తా, లేసు!" అన్నాడు ఎఫ్రాయిము, వలని చూపించి.
కొక్కెం సూది ఆపకుండానే తలెత్తి చూశాను.
లేసు కాదురా, ఒట్టి వల. పువ్వు లేదు, ఆకు లేదు.
పైన ఆ తెల్ల పట్టీ మాత్రం మంచి కుట్టు.

ఈ ఆట సంగతి నాకు తెలిసింది సున్నా.
ఆ సున్నాకే వాళ్ళు లవ్ అంటారట.
కెజియాకి బడిలో డ్రిల్లు మాస్టారు చెప్పారట.
"ఫిఫ్టీన్ లవ్" అన్నాడు ఎత్తు కుర్చీలో కూర్చున్నాయన,
పిల్లలిద్దరూ తలగడలో మొహాలు దాచుకుని ఒకటే నవ్వు.
నవ్వండి.
చేతిలో ఏమీ లేకుండా మొదలెట్టేవాళ్ళకి
అంత మెత్తటి పేరు పెట్టినవాడెవడో గానీ
వాడు చల్లగా ఉండాలి.

పదిహేను. ముప్పై. తర్వాత నలభై అయిదు రావాలి గదా?
నలభై అన్నాడు.
"ఆ అయిదూ ఏమైపోయాయత్తా?"
ఏమవుతాయి, కమీషను వీర్రాఘవులు గారు పట్టుకుపోయుంటారు.
నెలాఖరున ఆయన చేతిలో కూడా
లెక్క ముప్పై దాకా సరిగ్గానే వస్తుంది.

వేసిన బంతి వల అంచుని తాకి, అవతల పడాల్సిన చోటే పడితే
లెట్. ఎవరి తప్పూ లేదు, మళ్ళీ వెయ్.
గీత దాటితే ఫాల్ట్. అయినా ఇంకో బంతి ఇస్తారు.
అదీ పోతేనే డబుల్ ఫాల్ట్.
డబుల్ అంటే నాకు తెలిసింది కుట్టే.
చెయిన్, డబుల్, ట్రెబుల్...
ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ వేళ్ళ నుంచి
నా వేళ్ళకి దిగిన ఇంగ్లీషు అంతే.
అందులో రెండో బంతి లేదు.
ఒక్క రేకు తప్పితే వరసంతా ఊడదీయడమే.

నలభై, నలభై. దీన్ని డ్యూస్ అంటారు, అంది కెజియా.
ఇక ఒక్కటి గెలిస్తే చాలదు, వెంట వెంటనే రెండు గెలవాలి.
ఒకటి గెలిస్తే అడ్వాంటేజ్,
మరుసటిది పోయిందా, మళ్ళీ డ్యూస్.
"మన పంటులాగ" అన్నాడు ఎఫ్రాయిము.
నరసాపురం రేవు. సఖినేటిపల్లి రేవు.
మళ్ళీ నరసాపురం రేవు.
పదకొండుసార్లు. నేనే లెక్కపెట్టాను,
లెక్కపెట్టడం నా వేళ్ళకి అలవాటు.

మోకాలికి పట్టీ కట్టుకున్న ఆ పొట్టి పిల్ల
బంతిని నాలుగుసార్లు నేలకేసి కొడుతుంది, ప్రతిసారీ నాలుగే.
ఆ పిల్ల గెలవాలని ఎప్పుడనుకున్నానో నాకే తెలీదు.
దారపుండ మంచం కిందికి దొర్లిపోయింది.

ఆరు, ఆరు.
"ఇప్పుడు టై బ్రేక్, అత్తా. టై బ్రేక్ అంటే..."

కరెంటు పోయింది.

చీకట్లో కప్పలు. చూరు నీళ్ళు.
మిగిలిన ఆట పిల్లలు నోటితో ఆడేశారు,
టక్, టక్, టక్.
ఓడినప్పుడల్లా ఎఫ్రాయిము "లెట్" అన్నాడు.

పొద్దున్నే వీర్రాఘవులు గారు, తడిసిన గొడుగూ.
బల్ల గుడ్డని వెలుతురుకి పట్టి చూశారు.
"ఇక్కడో రేకు తగ్గిందమ్మా. ఇది చెల్లదు."
పళ్ళు తోముకుంటూ గుమ్మంలోంచి కెజియా,
"మొదటి ఫాల్టే గదండీ, ఇంకో బంతుంది."
"ఏం బంతి?"
"ఆయ్, రెండో సర్వీసండి" అన్నాను నేను, తల ఎత్తకుండా.
ఆయన మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశారు.
గుడ్డని నా ఒళ్ళో పడేసి
"శనివారం" అన్నారు, గొడుగు విప్పుకుంటూ.

వరస ఊడదీస్తున్నాను.
రేవు వైపు నుంచి పంటు ఇంజను చప్పుడు.
రాత్రి ఎవరు గెలిచారో ఈ వీధిలో ఎవరికీ తెలీదు.
టై బ్రేక్ అంటే ఏమిటో అడగాలి,
కెజియా బడి నుంచి రానీ.